పానం గోలి

ఆ పొద్దున ల్యాబులో మైసూరు పాకు పంచారు. షుగరు జబ్బు మీద పనిచేసే చోట మైసూరు పాకేమిటని ఎవరూ అడగలేదు. పంచుతున్నది స్వయానా డాక్టర్ పరాంకుశం గారు, ఇరవై రెండేళ్లుగా షుగరుతో కాపురం చేస్తున్న మనిషి. "మీరు తినండి, నేను చూసి ఆనందిస్తాను" అంటూ పళ్లెం పట్టుకుని బల్ల బల్లకీ తిరుగుతున్నారు. స్వరూప దగ్గరికి వచ్చేసరికి ఆయనకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నూట ముప్పై ఎనిమిది మంది, స్వరూపా" అన్నారు.

మూడేళ్ల కిందట నాలుగు వేల మంది షుగరు రోగులను ఎంచుకున్నారు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం దానిలాగే ఉండే ఉత్త మాత్ర మింగించారు. ఎవరికి ఏది పడిందో మింగినవాళ్లకూ తెలియదు, మింగించినవాళ్లకూ తెలియదు. ఆ పొద్దున కంప్యూటరు మొత్తాలు మాత్రం విప్పి చెప్పింది. ఉత్త మాత్ర వాళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు నూట తొంభై మంది. అసలు మాత్ర వాళ్లలో యాభై రెండు. తేడా నూట ముప్పై ఎనిమిది. ఆ లెక్కలు కట్టిన మనిషి స్వరూపే.

మాత్ర అని పేరే గాని అది మందు కాదు, ప్రాణమున్న వస్తువు. లోపల కంటికి కనపడని కణాలు నిద్రపోతూ ఉంటాయి. ఒక్కసారి మింగితే చాలు, పోయి కాలేయంలో కాపురం పెడతాయి. నెత్తుట్లో కొవ్వు పెరిగితే మేల్కొని తింటాయి, తగ్గితే మళ్లీ పడుకుంటాయి. మనిషి బతికినంత కాలం అవీ బతుకుతాయి. పల్లెల్లో దానికి పానం గోలి, అంటే ప్రాణం మాత్ర, అని ముద్దుగా పేరు పెట్టుకున్నారు.

ఇంత తంటా ఎందుకంటే, రోజూ వేసుకునే మామూలు కొలెస్ట్రాల్ మాత్ర షుగరు రోగికి ఎంత మంచి చేసినా దాన్ని మానేసేవాళ్లే ఎక్కువగా కనపడుతున్నారు. కొందరికి పిక్కలు గుంజుతాయి, కొందరికి షుగరు ఓ పిసరు పెరుగుతుంది. పదేళ్ల తర్వాత రాబోయే గుండెపోటు ఎవరికీ కనపడదు, ఇవాళ గుంజే పిక్క కనపడుతుంది. స్వరూప అన్న ఐలయ్య ఆ మాత్రను ఇరవయ్యో రోజునే గడ్డివాములోకి విసిరేశాడు. తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషికి కాళ్లు గుంజితే ఎలా మరి! వాళ్ల నాయన కూడా అలాగే షుగరును లెక్కచేయక యాభై ఒకటో ఏట కల్లు లొట్టి చేతిలో ఉండగానే గుండె ఆగి కూలిపోయాడు. అందుకే పానం గోలి ప్రయోగం మొదలవగానే స్వరూప పట్టుబట్టి ల్యాబు శిబిరాన్ని భువనగిరి అవతల ఉన్న తన ఊరు ఈదులకుంటకు తీసుకుపోయింది. అన్న చేత దగ్గరుండి మింగించింది. ఊళ్లో షుగరున్న గీత కార్మికులందరి చేతా మింగించింది.

మైసూరు పాకు ముక్క ఇంకా నోట్లో ఉండగానే ఫోను మోగింది. వదిన పుష్పమ్మ.

"సరూపా, మల్లేశం మామ తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు. పానం పోయింది బిడ్డా."

మల్లేశం ప్రయోగంలో ఉన్న మనిషి. కాబట్టి ఏడవడం కన్నా ముందు ఆమె ఒక పని చెయ్యాలి. మరణ పత్రం తెరిచింది. కారణం దగ్గర వరసగా గళ్లు ఉంటాయి: గుండె, పక్షవాతం, మూత్రపిండాలు, ఇన్ఫెక్షను, చివర్న ఇతర కారణాలు. ఆ గళ్లు గీసిందీ ఆమే. చివరి గడిలో టిక్కు పెట్టి, పక్కన "వృత్తి ప్రమాదం" అని రాసి, అప్పుడు కళ్లు తుడుచుకుని బస్సెక్కింది.

*

ఈదులకుంటలో తాళ్లెక్కే మనిషి పడి చనిపోతే, ముందు అతని మోకును చూస్తారు. మోకంటే నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే లావుపాటి పగ్గం. అది తెగితే తప్పు మోకుది, కాల్చేస్తారు. తెగకపోతే తప్పు ఎవరిదో మనిషి చెప్పకూడదు. దాన్ని తీసుకుపోయి కాటమయ్య గద్దె ముందున్న దంటెకు, అంటే అడ్డంగా కట్టిన కర్రకు, వేలాడదీసి దండం పెట్టుకుంటారు. గీత కార్మికులకు కాటమయ్యే దిక్కు.

మట్టి ఇచ్చి వస్తూ స్వరూప ఆ దంటె కేసి చూసింది. తన చిన్నప్పుడు దానికి ఒకే ఒక్క మోకు ఉండేది, ఎవరిదో ఎవరికీ గుర్తులేనంత పాతది. ఇప్పుడు మల్లేశం మామది కాక ఇంకో మూడు వేలాడుతున్నాయి. మూడూ కొత్తవే. ఒక్కటీ తెగలేదు.

"ఇవి ఎప్పటియే అన్నా?" అని అడిగింది.

"ఈ మూడేండ్లల్లయే" అన్నాడు ఐలయ్య. నలభై ఆరేళ్ల మనిషి, మాటలు తక్కువ. గద్దె దాటి చాలా దూరం వచ్చాక గాని మళ్లీ నోరు విప్పలేదు. "నేను పక్క చెట్టు మీదనే ఉన్న చెల్లె. మోకు తెగలే. కాళ్లు జారలే. మామ చేతులిడిసిండు. నిద్ర వట్టినోని లెక్క ఇడిసిండు. కనీసం అరవలే. మిగిలిన ముగ్గురు గూడ గట్లనే వడ్డరు."

స్వరూప నడక ఆగిపోయింది. "ఇన్నాళ్లు నాకెందుకు చెప్పలే?"

"చెట్ల నడుమ అసొంటి మాట అంటరా?"

ఆ సంగతి ఆమెకు తెలుసు. తాళ్ల కింద నిలబడి భయమనీ, పడటమనీ, చేతులు వణుకుతున్నాయనీ అనకూడదు. ఆ మాట విన్న చెట్టు ఊరుకోదంటారు. అడిగినవాళ్లకు "బాగనే ఉన్నం" అనాలి. పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతే. శిబిరాల్లో ప్రశ్నలు తయారుచేసిన రోజు మాత్రం దాన్ని మరిచిపోయింది. "కండరాల బలహీనత ఉందా?" అన్న ప్రశ్నకు మూడేళ్ల పాటు నూటికి తొంభై తొమ్మిది మంది "లేదు" అంటుంటే మందు ఎంత మంచిదో అని మురిసిపోయింది కూడా.

మర్నాడు తెల్లవారుతుండగా ఐలయ్య మోకు భుజాన వేసుకుని బయల్దేరబోతుంటే వాకిట్లోనే ఆపింది. బ్యాగులోంచి పిడికిలి యంత్రం తీసింది. గట్టిగా పిసికితే పట్టు ఎంతో అంకె చూపే చిన్న పరికరం అది. ప్రతి శిబిరంలోనూ దానితో అందరినీ పరీక్షించారు.

"ఇంకా ఏం తినలేదు గదా?"

"పొద్దుగాల్ల ఎవడు తింటడే? కాటమయ్యకు తొలి కల్లు పొయ్యంది ఎంగిలి వడతమా?"

పిసికితే నలభై రెండు చూపింది. ఇనుప పట్టు. "ఆపకు, చెట్టు ఎక్కుతున్నట్టే పిసుక్కుంటనే ఉండు" అంది స్వరూప. ఐలయ్య నవ్వుతూ పిసుకుతూ పోయాడు. నలభై ఒకటి. నలభై. ఇరవై సార్లయ్యాయి, ముప్పై అయ్యాయి. ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది. తర్వాత ఆరు.

వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. యంత్రం జారి అరుగు మీద పడింది. ఐలయ్య తన చేతిని వేరే ఎవరి చెయ్యో అన్నట్టు చూసుకున్నాడు. అర నిమిషం గడిచింది. వంగి యంత్రం తీసుకుని మళ్లీ పిసికాడు. నలభై ఒకటి.

"నీ మిషన్ ఖరాబైంది చెల్లె."

"ఇంతకు ముందు ఎప్పుడన్న ఇట్లయిందానే?"

ఐలయ్య మోకు సర్దుకున్నాడు. "బాగనే ఉన్న" అన్నాడు.

స్వరూప యంత్రం అందుకుని అరుగు మీద కూర్చుంది. శిబిరంలో ఇదే యంత్రం, ఇదే మనిషి, ఎన్నడూ ఇలా కాలేదు. ఎందుకు కాలేదో ఆ క్షణంలో తెలిసింది. అసలు పద్ధతి ప్రకారం నెత్తురు తీయడం, పిడికిలి పరీక్ష రెండూ పరగడుపునే జరగాలి. మొదటి శిబిరంలో మల్లేశం మామ చెయ్యి నొక్కుకుంటూ, "గింత నెత్తురు గుంజుకుంటిరి, ముద్దంత టిఫినన్న పెట్టరా బిడ్డా?" అన్నాడు. ఆమెకు సిగ్గనిపించింది. సొంత ఊరివాళ్లను పరగడుపున గంటల తరబడి ఎండలో నిలబెట్టడమేమిటని అప్పటికప్పుడు ఉప్మా చేయించింది. నెత్తురు ఇచ్చినవాళ్లు ఉప్మా తినాలి, తిన్నాకే పిడికిలి పరీక్ష అని వరస మార్చింది. పరాంకుశం గారు సంతోషంగా సంతకం పెట్టారు. అన్ని ఊళ్లలోనూ అదే పద్ధతైంది. మూడేళ్లలో నాలుగు వేల మందినీ కడుపు నింపి మరీ పరీక్ష చేశారు.

*

ల్యాబులో ఎలుకల పరీక్ష ఒకటుంది. ఎలుకను సన్నటి తీగకు ముందు కాళ్లతో వేలాడనిస్తారు. ఎంతసేపు పట్టుకోగలిగితే అంత బలం. ఇక్కడ కూడా ఎలుకలకు ఎనిమిదింటికి దాణా పెట్టి పదింటికి పరీక్ష చేయడం అలవాటు. స్వరూప ఆ రోజు దాణా పెట్టనివ్వలేదు.

పానం గోలి తినని ఎలుక ఆకలితోనే తీగను పట్టుకుని వేలాడింది. తిన్న ఎలుక కూడా వేలాడింది, నలభై సెకన్లు. తర్వాత నాలుగు వేళ్లూ విప్పేసి టపీమని పడింది. పడ్డ కాసేపటికే లేచి ఏమీ జరగనట్టు మీసాలు దువ్వుకుంది. ఎలుక కింద దూది పరిచి ఉంది.

సంగతి ఇంతే. పరగడుపున ఒళ్లు వంచి పనిచేస్తే నెత్తుట్లో చక్కెర అడుగంటుతుంది. అప్పుడు కండరం కొవ్వు కోసం చెయ్యి చాపుతుంది. అదే సమయానికి పానం గోలి కణాలు ఆ కొవ్వును తినేసి కూర్చుంటాయి. కండరానికి ఏమీ దొరకదు. ఒళ్లు వేరే దారి చూసుకునే దాకా అర నిమిషం చేతులు చేతులు కావు. కడుపులో నాలుగు మెతుకులుంటే ఇదేమీ జరగదు.

ఆ తర్వాత ఆమె కంప్యూటరు ముందు కూర్చుని "ఇతర కారణాలు" అన్న గడిని తెరిచింది. అసలు మాత్ర వాళ్లలో ముప్పై మూడు చావులు, ఉత్త మాత్ర వాళ్లలో ఇరవై నాలుగు. రెండేసి వేల మందిలో పట్టించుకోదగ్గ తేడా కాదని కంప్యూటరు తేల్చేసింది. ఆమె ఇప్పుడు ఒక్కటే అడిగింది: వీళ్లలో ఎత్తు మీంచి పడి చచ్చిపోయినవాళ్లెందరు? ఉత్త మాత్ర వాళ్లలో ఇద్దరు. అసలు మాత్ర వాళ్లలో పదకొండు మంది. తొమ్మిది మంది తాళ్లెక్కేవాళ్లు, ఒకాయన కరెంటు స్తంభం ఎక్కిన లైన్‌మాను, ఒకాయన మేస్త్రీ.

పరాంకుశం గారు కాగితం చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"తొమ్మిది మంది ఎక్కువ" అన్నారు. "అటు నూట ముప్పై ఎనిమిది. ఇటు తొమ్మిది. లెక్కలు నువ్వే చెప్పు."

"లెక్క నాకు తెలుసు సార్. కానీ ఆ నూట ముప్పై ఎనిమిది మంది ఎవరో ఎవరికీ తెలియదు. పడిపోయిన ఈ పదకొండు మంది పేర్లు నాకు తెలుసు. మల్లేశం మామ భుజాల మీద కూర్చుని నేను జాతర చూశాను."

"పేరు తెలియనంత మాత్రాన వాళ్లు బతకనట్టా?" ఆయన గొంతు పెరిగింది. "మా నాన్న నా ముందే గుండె పట్టుకుని పోయాడు స్వరూపా. అప్పుడీ మాత్ర ఉండి ఉంటే ఆయన పేరు కూడా ఏ లిస్టులోనూ ఉండేది కాదు. ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ ఉండేవాడు. రేపు దీని గురించి పేపర్లో పడిందనుకో, పానం గోలి సంగతి వదిలెయ్, రోజూ వేసుకునే మామూలు మాత్రలు కూడా జనం భయపడి పారేస్తారు. అప్పుడు పోయేవాళ్లను ఏ గడిలో రాస్తావు?"

ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెకు మంట.

తర్వాత పరాంకుశం గారు తన కుడి చేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టారు. మొదటి మాత్ర మింగిన మనిషి ఆయనే. "పొద్దున వాకింగ్ నుంచి వచ్చాక తాళం తీయలేకపోతున్నాను. కాఫీ తాగితే సర్దుకుంటుంది. వయసనుకున్నాను" అన్నారు నెమ్మదిగా. "నాకు రెండో అంతస్తు దాకా లిఫ్టుంది. నాకేం కాదు."

ఆ సాయంత్రమే ఆయన ఎథిక్స్ కమిటీకి అంతా రాశారు, కొత్తగా ఎవరికీ మాత్ర ఇవ్వకూడదని ఆపేశారు. మింగినవాళ్ల సంగతే మిగిలింది. ఆ కణాలను చంపే మందు లేదు. కాలేయాన్ని పాడుచేయకుండా చంపే మందు కనుక్కోవాలంటే రెండేళ్లో, మూడేళ్లో. అప్పటిదాకా ఒక్కటే దారి, తినకుండా పని మొదలుపెట్టకూడదు.

"సార్, ఒక్క పేరు విప్పండి" అంది స్వరూప.

విప్పారు. ఐలయ్య, ఈదులకుంట, అసలు మాత్ర. కింద మెడ రక్తనాళాల స్కాను ఫోటోలు రెండున్నాయి. మూడేళ్ల కిందటి దాంట్లో నాళం దారి మూడొంతులు పూడుకుపోయి ఉంది. మొన్నటి దాంట్లో సగానికి పైగా తెరుచుకుంది. "ఈ మాత్ర లేకపోతే మీ అన్న ఈ పాటికి..." అని పరాంకుశం గారు మాట మధ్యలోనే ఆపేశారు.

*

గీత సంఘం గుడిసెలో స్వరూప నోరు ఎండిపోయేలా చెప్పింది. అందరూ విన్నారు. మల్లేశం తమ్ముడు సాయన్న, ఆ ఊరి వాళ్లలోకెల్లా పెద్దవాడు, కండువా దులుపుకుని అన్నాడు.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. నీ మాట కాదనం. కని కాటమయ్యకు తొలి కల్లు చూపకుండ ఎంగిలి వడితే, ఆయన మమ్మల్ని చెట్టు మీద ఎట్ల కాస్తడు?"

"కాటమయ్య వద్దన్నడా మామా? ఎన్నడన్న మీతోని అన్నడా?"

"గవన్నీ నోటితోని చెప్తరా?"

ఎవరూ కదల్లేదు. అప్పుడు మూలన కూర్చున్న ఐలయ్య లేచాడు. ముఖం ఎర్రబడింది. "నేను తింట" అన్నాడు. "మా చెల్లె కండ్లల్ల నీళ్లు వెట్టుకుని అడుగుతుంది. దేవుడు ఏమన్న అంటే నన్నే అననీ." అతన్ని చూసి ఒకరిద్దరు కుర్రాళ్లు తలూపారు. స్వరూపకు అన్న కాళ్ల మీద పడాలనిపించింది.

ఇంటికి వచ్చాక మరో మాట అడిగింది. "అసలు కొన్నాళ్లు ఎక్కుడు బంద్ చెయ్యరాదే?"

"బంద్ వెట్టి ఏం చెయ్యాలె? ఇంట్ల కూసుంటే షుగరుకు మంచిదా?" అని ఎదురు నవ్వాడు ఐలయ్య.

అలా ఏర్పాటైంది. పుష్పమ్మ తెల్లవారుజామునే జొన్నరొట్టె చేసి గుడ్డలో కట్టి ఇస్తుంది. ఐలయ్య తోవలో తినుకుంటూ పోతాడు. అయిదింటికి స్వరూప హైదరాబాదు నుంచి ఫోను చేస్తుంది.

"తిన్నవానే అన్నా?"

"తిన్న చెల్లె."

ల్యాబు కూడా ఇదే పద్ధతి పట్టుకుంది. మాత్ర మింగిన ప్రతి మనిషికీ, అసలుదైనా ఉత్తదైనా, పొద్దున్నే ఫోను. "తిన్నారా?" "తిన్నామండీ." వందలో తొంభై ఎనిమిది మంది తిన్నామన్నారు. ఆ లెక్కను రంగుల బొమ్మగా గీసి పరాంకుశం గారి గది గోడకు అంటించారు. అయిదు వారాలు గడిచినా ఎక్కడా ఎవరూ పడలేదు. స్వరూపకు తిండి సయించడం మొదలైంది, నిద్ర పట్టడం మొదలైంది. ప్రమాదాన్ని పట్టుకున్న శాస్త్రవేత్తగా ఆమె పేరు కమిటీ తన నివేదికలో రాసింది కూడా.

నలభై రెండో రోజు కూడా అయిదింటికి ఫోను చేసింది. "తిన్న చెల్లె, పొద్దయితుంది, జల్ది వోతున్న" అన్నాడు ఐలయ్య. ఆరూ పదికి వదిన ఫోను వచ్చింది. అటునుంచి మాట లేదు, ఏడుపే.

*

ఆసుపత్రి వరండాలో పుష్పమ్మ ఒళ్లో ఒక గుడ్డమూట ఉంది. మొలలో దోపుకుని ఉంటే తీసి ఇచ్చారట. ముడి కూడా విప్పలేదు. స్వరూప విప్పింది. లోపల రొట్టె మడత పెట్టినట్టే ఉంది, ఒక పక్క నలిగింది.

"దినాం ఖాళీ గుడ్డనే తెచ్చిండు సరూపా" అని పుష్పమ్మ వెక్కుతూ చెప్పింది. "నేను తిన్నడనే అనుకున్న. దిగినంక, కాటమయ్యకు వోసినంక తినేటోడట. సాయన్న మామ ఇప్పుడు చెప్తున్నడు. చెల్లె బాధ పడతదని గట్ల చెప్తుండట."

స్వరూపకు ఏడుపు రాలేదు. తలలో ఒకే మాట తిరుగుతోంది. తిన్నవా? తిన్న. ఈ దేశంలో ఆ ప్రశ్నకు తినలేదని ఎవరు చెప్పారు గనక? అత్తగారింటి నుంచి వచ్చిన ఆడబిడ్డ అడిగితే ఏ అన్న తినలేదంటాడు? అది ప్రశ్నా? పలకరింపు. నాలుగు వేల మందిని పలకరించి, వాళ్లు మర్యాదకు ఇచ్చిన జవాబును రంగులేసి గోడకు అంటించుకున్నారు.

మోకు తెగలేదు. దాన్ని కాటమయ్య దంటెకు వేలాడదీశారు. ఈ మూడేళ్లలో అయిదోది.

దినాలు కాగానే ఆమె అన్న పత్రం రాయడానికి ల్యాబుకు పోయింది. మరణ పత్రం తెరిచింది. గుండె, పక్షవాతం, మూత్రపిండాలు, ఇన్ఫెక్షను, ఇతర కారణాలు. వాటి కింద కొత్త గడి ఒకటి చేర్చి "మాత్ర" అని పేరు పెట్టి అందులో టిక్కు పెట్టింది. వెనక్కి పోయి పాత పదకొండు పత్రాలూ తెరిచి ఒక్కొక్కటీ సరిచేసింది. మల్లేశం మామ పత్రం దగ్గర చెయ్యి ఆగింది గాని మానలేదు.

పరాంకుశం గారు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. రెండు నెలల్లోనే ముసలివాడైపోయాడు ఆ మనిషి.

"మీరు చెప్పిన నూట ముప్పై ఎనిమిది మందిలో మా అన్న కూడా ఉండొచ్చు గదా సార్?" అంది తల తిప్పకుండానే.

"ఉండొచ్చు. ఆ స్కాను చూస్తే ఉన్నాడనే అనాలి."

"ఇప్పుడు ఈ పన్నెండులో కూడా ఉన్నాడు. బతికించామని ఒక పక్క రాయండి, చంపామని ఇంకో పక్క రాయండి. రెండూ నిజమే."

ఆయన తన గదికి పోయారు. గోడ మీది రంగుల బొమ్మను పీకి, మడిచి, ఎక్కడ పారేయాలో తెలియక జేబులో పెట్టుకున్నారు.

*

ఫోన్లు ఆపేశారు. ఇక మీదట ఎవరినీ తిన్నారా అని అడగకూడదు, ఎదురుగా కూర్చుని తింటుంటే చూడాలి అన్నది కొత్త పద్ధతి. ఎత్తులెక్కే పని చేసేవాళ్లున్న ప్రతి ఊరికీ మనిషిని పెట్టారు. ఈదులకుంటకు స్వరూప తనే వచ్చింది. ల్యాబుకు సెలవు పెట్టి వదిన దగ్గరే ఉంటోంది.

మొదటి రోజు సాయన్న ఇంటికి పోయింది. ఇంకా వెలుతురు రాలేదు. ముసలాయన వాకిట్లో మొలగుడ్డ బిగించుకుంటున్నాడు. గోడకు ఆనించిన మోకును ముందు ఆమే అందుకుని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. పుష్పమ్మ చేసిన రొట్టె విప్పి ఆయన ముందు పెట్టింది.

"నేను తిన్న బిడ్డా" అన్నాడు సాయన్న.

"నా ముందర తిను మామా. తిన్నంకనే మోకు ఇస్త."

ఆయన గద్దె ఉన్న వైపు చూశాడు. కనపడేంత దగ్గర కాదది, చీకట్లో అసలే కనపడదు. అయినా చాలాసేపు అటే చూశాడు. పక్కపక్కన వేలాడుతున్న అన్న మోకూ, ఐలయ్య మోకూ గుర్తొచ్చాయేమో, చేతులెత్తి దండం పెట్టుకున్నాడు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. డెబ్బై ఏళ్లలో మొదటిసారి దేవుడికన్నా ముందు ఎంగిలిపడ్డాడు. గొంతు దిగలేదు. నీళ్లు తాగి మళ్లీ నమిలాడు. కళ్ల నుంచి కారుతున్నది తుడుచుకోలేదు.

స్వరూప కళ్లు తిప్పకుండా ప్రతి ముక్కనూ చూసింది. చివరి తునక అయ్యాక లేచి, మోకు తీసుకుపోయి ఆయన భుజం మీద వేసింది. అంత బరువు ఉంటుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. అన్న మోకును ఎన్నడూ ఎత్తి చూడలేదు.

సాయన్న రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి ఆమె ముఖం లోకి చూశాడు. కళ్ల కింద గుంటలు పడిన ఆ ముఖం ఆయనకు నచ్చలేదు.

"నువ్వు తిన్నవా బిడ్డా?"

నిన్న మధ్యాహ్నం నుంచీ ఆమె కడుపులో మంచినీళ్లు తప్ప ఏమీ లేవు.

"తిన్న మామా" అంది స్వరూప.